అన్ని బండ్లకూ ఒకే అడ్రసు

ఆ ఆదివారం పొద్దున జయంతి అనుకున్న పని చాలా చిన్నది. గార్లదిన్నె నుంచి పెళ్ళికూతురి వాళ్ళు వచ్చేలోపు ఇంటి సంపులో ఒక్క ట్యాంకరు నీళ్ళు పడాలి. ఇల్లు కడిగించటం, కర్టెన్లు మార్చటం, మరిది గిరి గదిలో మంచం కింద చేరిన కాఫీ గ్లాసులు ఏరటం లాంటివన్నీ ఆమె ముందురోజే ముగించింది. కుళాయి వచ్చి వారం దాటింది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవాడు ఆ వీధిలో ఎవడూ లేడు.

అనంతపురంలో ఆడపిల్లను ఇవ్వదలచినవాళ్ళు ఇల్లు చూడటానికి వస్తే, అబ్బాయి ముఖం కంటే ముందు సంపు మూత తీసి చూస్తారు. దాన్ని ఎవరూ అమర్యాద అనుకోరు. చదువూ ఉద్యోగమూ అడిగి తెలుసుకోవచ్చు, నీళ్ళు మాత్రం కళ్ళతో చూడాల్సిందే. జయంతి పెళ్ళికి ముందు ఆమె నాయన కూడా ఇదే సంపులో చేతికర్ర ముంచి, తడి ఎంతవరకు ఎక్కిందో చూసుకొని సంతృప్తిపడి, ఆ తర్వాతే కాబోయే అల్లుడి వైపు తిరిగాడు. వరస మార్చి ఉంటే బాగుండేదని జయంతికి అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఈ సంబంధం కుదరాలన్న పట్టుదల పెళ్ళికొడుకు కంటే ఆమెకే ఎక్కువ. గిరి ఇంటర్ మూడు దండయాత్రల్లో గట్టెక్కి, బెంగళూరులో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి తిరిగొచ్చి ముందుగదిలో దిగాడు. అంతకుముందు ఆ గదిలో జయంతి పదో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెప్పేది. బీఎస్సీ చదివిన మనిషికి ఆ గంటన్నర ఊపిరి పీల్చుకున్నట్టుండేది. గిరి రాగానే నల్లబల్ల గోడవైపు తిరిగింది, పిల్లలు వేరే ట్యూషన్ చూసుకున్నారు. పెళ్ళయితే వేరు కాపురం పెడతానని గిరి ఒకసారి నోరుజారాడు. అతను ఆ మాట మరిచిపోయేలోపు పెళ్ళి జరగాలి. పెళ్ళి జరగాలంటే సంపు నిండాలి.

ఇదివరకైతే అదేం కష్టం కాదు. వీధిలో పోయే కుళ్ళాయప్ప ట్యాంకరుకు చెయ్యెత్తి, "కుళ్ళాయప్పా, రేపు పొద్దున" అంటే చాలు, నీళ్ళు వచ్చేవి. కానీ ఆ బండ్లన్నీ రసూల్ సాబ్‌వి. రసూల్ సాబ్‌కు ఈ మధ్య ఆధునికత సోకింది. షెడ్డులో కంప్యూటరు పెట్టించి, ఏ బండి ఏ ఇంటికి పోవాలో అది చెప్పేటట్టు గిరితో ప్రోగ్రాం రాయించుకున్నాడు. ఇప్పుడు ఏ బండి ఎక్కడికి పోవాలన్నా ప్రింటరు కక్కిన చీటీ కావాలి.

"సంపు ఎండిపోయిండాది గిరీ," అంది జయంతి, చివరి బక్కెట్టులోని నీళ్ళతో బొరుగులు తడిపి పిండుతూ. ఆ పూట ఉగ్గాని. "నిన్ననే చెప్పినా కదా ట్యాంకరు పెట్టమని."

"వదినా, నువ్వు ఊరికే గాబరా పడొద్దు. ఇప్పుడే షెడ్డుకు పోయి నా చేతుల్తో కుళ్ళాయప్ప బండికి మనింటి అడ్రసు పెట్టి వస్తా. ఒక్క లైను. పైథాన్‌లో ఒక్క లైను కొడితే బండి వాకిట్లో ఉంటాది."

"పైథాన్ అంటే కొండచిలువ కదప్పా?" అని భర్త ఓబులేసు పేపరు వెనకనుంచి అడిగి, తనే నవ్వుకున్నాడు. అతను బ్యాంకులో గుమాస్తా. ఆ హాస్యం అతని దగ్గర ఉగాది నుంచి ఉంది, ఇంకా పాతబడలేదు.

"ఆ లైను కుళ్ళాయప్ప బండికే తగులుతాదని నీకెట్ల తెలుసు?" అంది జయంతి.

గిరి జాలిగా చూశాడు. "నీకర్థమయ్యేటట్టు చెప్తా. క్లాస్ అని ఒకటుంటాది. ట్యాంకరు అంటే ఎట్లుండాలని రాసి పెట్టుకునే నమూనా. దాన్ని చూసి చేసిన అసలు బండి ఆబ్జెక్ట్. ఒక క్లాసు, దాని మీద ఎన్ని బండ్లయినా."

"ఆది జాకెట్టు, దాని కొలతకు కుట్టిన జాకెట్లు. అంతే కదా."

బెంగళూరులో మూడు నెలలు నేర్చుకున్న విద్య దర్జీ అంగట్లో దొరకటం గిరికి నచ్చలేదు. "అంత సులభం కాదులే. ఈ భాషలో క్లాస్ గూడా ఒక వస్తువే. దానికీ అడ్రసు పెట్టొచ్చు."

"ఆది జాకెట్టు గూడా జాకెట్టే. తొడుక్కోవచ్చు." జయంతి బొరుగుల మీద పప్పుల పొడి చల్లింది. "అందుకే అడుగుతాండా. నువ్వు చేతిలో పట్టుకున్నది ఆదా, కుట్టిందా అని చూసుకునేదానికి ఏమన్నా ఉండాదా?"

"ఉండాది. చిన్న మాట కొట్టి అడిగితే ఇది క్లాసా, ఆబ్జెక్టా అని అదే చెప్తాది. అదంతా కొత్తగా నేర్చుకునేవాళ్ళకు వదినా. రాసినోడికి ఎందుకు?"

"ఆదిని విప్పదీస్తే, దాన్ని చూసి కుట్టేవన్నీ వదులైపోతాయి. అడిగి చూసుకో, నష్టమేముంది?"

"నీకెందుకు జయంతీ ఆ గొడవ?" అన్నాడు ఓబులేసు. "వాడు సాఫ్ట్‌వేరు."

సాఫ్ట్‌వేరు అన్న మాటను ఓబులేసు కొబ్బరికాయ కొట్టేముందు మొక్కుకున్నట్టు పలుకుతాడు. జయంతి ఇద్దరికీ ఉగ్గాని పెట్టింది. మిరపకాయ బజ్జీల్లో కారంగా కనిపించినదాన్ని ఏరి మరిది ప్లేటులో వేసింది.

షెడ్డులో ఏం జరిగిందో ఆమెకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. రోజూ పొద్దున రసూల్ సాబ్ కొడుకు షారుక్ ఒక్కొక్క బండికి ఆ రోజు అడ్రసు ఎక్కించి చీటీలు తీస్తాడు. ఆ రోజు గిరి పోయి, "లేయప్పా, రాసినోడే వచ్చినాడు" అని షారుక్‌ను కుర్చీలోంచి లేపాడు. కుళ్ళాయప్ప బండి అనుకొని ఒక పేరును పట్టుకొని, దానికి తన ఇంటి అడ్రసు పెట్టాడు. అతను పట్టుకున్నది బండ్లన్నింటి ఆది. ఆదికి అడ్రసు పెడితే, సొంత అడ్రసు లేని ప్రతి బండీ ఆ అడ్రసే తనదంటుంది. ఆ పొద్దున ఒక్క బండికీ సొంత అడ్రసు లేదు. అడ్రసులు షారుక్ రాత్రే ఎక్కించి ఉంటాడని గిరి అనుకున్నాడు. లేపి కూర్చున్నాడు కాబట్టి గిరే ఎక్కించి ఉంటాడని షారుక్ అనుకున్నాడు. గిరి ప్రింటు నొక్కి, వచ్చే కాగితం వైపు చూడకుండా, ముఖానికి క్రీము రాయించుకోవటానికి సెలూనుకు పోయాడు.

చీటీలు వరసగా దిగాయి. ప్రతి చీటీ మీదా ఒకటే మాట. 'గిరి ఇల్లు, విత్తనాల గోడౌను వెనక వీధి, వెరీ అర్జెంట్.' షారుక్ ఒక క్షణం తల గోక్కున్నాడు. కానీ ఈ రోజు గిరి ఇంటికి పెళ్ళివాళ్ళు వస్తున్నారని అతనికి తెలుసు. సాఫ్ట్‌వేరు పెళ్ళంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాడు. డ్రైవర్లయినా అడిగి ఉండాల్సింది. అయితే కంప్యూటరు వచ్చిన రోజే రసూల్ సాబ్ ఒక కట్టడి పెట్టాడు. ఇంక నోటిమాటలు బంద్. చీటీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికే పోవాలి, చీటీని ప్రశ్నించినవాడికి ఆ రోజు బత్తా లేదు. పాతికేళ్ళుగా ఏ ఇంట్లో ఏ రోజు నీళ్ళు అయిపోతాయో నోటిలెక్కగా చెప్పగల మనుషులు, ఆ రోజు నుంచి బుద్ధిగా నోరు మూసుకున్నారు.

కుళ్ళాయప్ప ముందు వచ్చాడు. జయంతి గేటు బార్లా తీసి, సంపు మూత పక్కకు జరిపింది. ట్యాంకరు నీళ్ళు దిగేది వెనకనుంచి. బండిని రివర్సులో గేటుదాకా తెస్తే తప్ప పైపు అందదు. కుళ్ళాయప్ప బండిని ముందుకు తీసి రివర్సు పెట్టేలోపు, అతని వెనక ఇంకో ట్యాంకరు వచ్చి ఆగింది.

"అన్నా, వెనక్కి తియ్యి. నేను రివర్సు రావాల," అని కుళ్ళాయప్ప తల బయటపెట్టి అరిచాడు.

"నేనెందుకు తీస్తా? నాదీ ఈ ఇల్లే. నువ్వు ముందుకు పో."

"నాది వెరీ అర్జెంటప్పా."

"నాదేమన్నా తీరుబాటు అర్జెంటా? చూసుకో చీటీ!"

ఇద్దరూ దిగి చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటుండగా మూడోది వచ్చింది. నాలుగోది వీధి అవతలి కొసనుంచి వచ్చి కుళ్ళాయప్ప బండికి ఎదురుగా ముక్కు ఆనించింది. ఆ తర్వాత జయంతి లెక్కపెట్టటం మానేసింది. ఎటు చూసినా నీళ్ళు తొణుకుతున్న చప్పుడే. సంపులో మాత్రం ఒక్క బొట్టు పడలేదు. మధ్యలో ఇరుక్కున్న కుళ్ళాయప్ప బండి అటు కదలదు, ఇటు కదలదు.

బిందెలు పట్టుకొని వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. "రెండు బిందెలు పొయ్యన్నా, నీ పిల్లలు సల్లగుండాల," అని ఒకామె బతిమాలింది.

"చీటీలో నీ పేరు లేదమ్మా," అన్నాడు డ్రైవరు.

"కారిపోతాండే నీళ్ళన్నా పట్టుకోనీ."

"కారేదానికి చీటీ అక్కర్లే. పట్టుకో."

ఆమె ట్యాంకరు కింద కూర్చొని, బొట్లు బొట్లుగా బిందె నింపుకోసాగింది.

పక్కింటి ఖాతూన్‌బీ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని పరుగున వచ్చింది. "జయంతమ్మా, మంట యాడ? ఎవురికీ ఏం కాలేదు కదా?"

"మంటేంది ఖాతూన్‌బీ?"

"ఇన్ని నీళ్ళబండ్లు ఒకే ఇంటికి వచ్చినాయంటే ఏమనుకోవాల? గ్యాస్ బండ పేలిందనుకున్నా. ఫైరింజనుకు ఫోన్ గూడా చేసేసినా."

"ఒకసారి వచ్చి చూసి చేసిండొచ్చు కదా!"

"చూసేదాకా ఆగితే కాలిపోదా?" అంది ఖాతూన్‌బీ. ఆ పొద్దున చూడకుండా పని చేసినవాళ్ళలో కాస్త కారణం చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

ఓబులేసు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గేటు దగ్గర నిలబడ్డాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ, "మా తమ్ముడు పంపినాడు. అన్నీ వాని చేతికిందే" అని చెప్తున్నాడు. బండ్లు పెరిగేకొద్దీ అతని ఛాతీ పెరుగుతోంది. ఇన్ని వచ్చింది పొరపాటున అయి ఉండొచ్చన్న ఆలోచన అతనికి ఎటునుంచీ తగల్లేదు.

గిరి ముఖం మెరిపించుకొని వచ్చేసరికి వీధిలో స్కూటరు దూరే సందు లేదు. బండిని కొసలో పెట్టి గోడ వెంబడి పక్కకు పక్కకు జరుగుతూ వచ్చాడు. వచ్చి, బండ్ల వరసను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశాడు.

"ఆదినే పట్టుకున్నట్టుండావే గిరీ," అంది జయంతి నెమ్మదిగా.

"అదేం కాదు వదినా. ఇది లోడ్ టెస్టింగ్," అన్నాడు గిరి గట్టిగా, వీధికంతా వినపడేటట్టు. "అన్ని బండ్లూ ఒకేసారి వస్తే సిస్టమ్ తట్టుకుంటాదా లేదా అని చూస్తాండాము."

"సిస్టమ్ తట్టుకుందప్పా, వీధే తట్టుకోలే," అన్నాడు కుళ్ళాయప్ప.

సరిగ్గా అప్పుడు గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చి, వరసలో చివర నిలబడింది. దాని వెనక ఒక జీపు ఆగింది. అందులోంచి పెళ్ళికూతురి తండ్రి రామప్ప, అతని తల్లి చౌడమ్మ, అతని కూతురు గంగాదేవి దిగారు. పెళ్ళికూతురు స్వయంగా రావటం మామూలు పద్ధతి కాదు. కానీ గంగాదేవి ఎంసీఏ చదువుకుంది. ఊరి నీళ్ళన్నింటినీ అబ్బాయి పైథాన్‌లో తిప్పుతాడని మధ్యవర్తి ఊదరగొడితే, ఆ ప్రోగ్రాం చూస్తానని పట్టుబట్టి వచ్చింది.

ముగ్గురూ గోడకూ ట్యాంకర్లకూ మధ్య ఒదిగి ఒదిగి నడిచి వచ్చారు. చౌడమ్మ దారిపొడుగునా ఒక్కొక్క ట్యాంకరును చేత్తో తట్టి, నిండుగా ఉందో లేదో చూసుకుంటూ వచ్చింది. గేటు దగ్గరికి చేరేసరికి ఆమె ముఖం విప్పారింది.

"ఈ బండ్లన్నీ మీవేనా నాయనా?"

"నా కంట్రోల్లో ఉంటాయవ్వా," అన్నాడు గిరి వినయంగా.

"మధ్యవర్తి చెప్తే కోతలనుకున్నా," అన్నాడు రామప్ప. "మా ఊర్లో ఒక్క ట్యాంకరు కోసం తలలు పగలగొట్టుకుంటాండారు. ఈడ చూస్తే తిరునాళ్ళ మాదిరుండాది."

జయంతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా తొందరపడి నిజం చెప్పాల్సిన అవసరమూ కనిపించలేదు. ఈ ఊపులో తాంబూలాలు పుచ్చుకుంటే వర్షాకాలానికి ముందుగది ఖాళీ. ఆమె మనసులో నల్లబల్లను గోడనుంచి ఇటు తిప్పేసింది. దానికి తగ్గట్టు వీధిలోనూ ఏదో కదిలింది. ఫైరింజను ఆయన దిగివచ్చి, మంట లేదని తేల్చుకొని, ఖాతూన్‌బీనీ ఓబులేసునూ కలిపి తిట్టి, తన బండికి దారి కోసం ఒక్కొక్క ట్యాంకరునే వెనక్కి తీయించటం మొదలుపెట్టాడు. ఆ సందులో కుళ్ళాయప్ప చాకచక్యంగా రివర్సు కొట్టి, బండి వెనకభాగాన్ని గేటు మధ్యకు తెచ్చాడు. పైపు సంపులోకి దిగింది. కుళ్ళాయప్ప చెయ్యి వాల్వు మీద పడింది.

"ఏమయ్యా గిరీ!"

రసూల్ సాబ్ హీరోహోండా మీద, ఒక చెవికి ఫోను ఆనించుకొని వచ్చాడు. "ఫంక్షను హాల్లో పెండ్లి జరుగుతాంది. వంటోడు నీళ్ళు లేక గరిటెలు పారేసి కూర్చున్నాడు. లాడ్జీవోడు నా అమ్మానాయనల్ని ఎత్తి తిడతాండాడు. ఊరంతా ఎండగట్టి నీ ఇంటికాడ సముద్రం పెట్టుకున్నావేమప్పా? ఇందుకేనా దుడ్లు పోసి నీతో కంప్యూటర్ పెట్టించుకునింది?"

వచ్చినవాళ్ళ ముందు గిరి ముఖం క్రీము కింద ఎర్రబడింది. "ఒక్క నిమిషం సాబ్. పొద్దున ఒక లైను ఎక్కువ తగిలింది. దాన్ని వెనక్కి తీసుకుంటే మిగతా బండ్లు పోతాయి. కుళ్ళాయప్పది మటుకు ఉంటాది."

"అడిగి చూసి చెయ్యి గిరీ," అంది జయంతి. "ఈసారన్నా."

గిరి వినలేదు. షారుక్‌కు ఫోను చేసి, "పొద్దున నేను కొట్టిన లైనే మళ్ళా కొట్టు. మా ఇంటి అడ్రసు బదులు షెడ్డు అని పెట్టు" అన్నాడు. కుళ్ళాయప్ప బండికి సొంతంగా పెట్టిన అడ్రసు ఉండనే ఉందని అతని ధీమా. దానికి అతను ఎన్నడూ ఏమీ పెట్టలేదు. పొద్దున పెట్టింది ఆదికి, ఇప్పుడు మార్చిందీ ఆదినే.

ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక డ్రైవర్లందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి వీధి పొడుగునా మోగాయి. బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. చివరికి కుళ్ళాయప్ప జేబు కూడా మోగింది. అతను విని, వాల్వు మీదనుంచి చెయ్యి తీశాడు.

"కుళ్ళాయప్పా, ఆగు! తిప్పు ఒక్కసారి," అంది జయంతి.

"ఏం చేయాలక్కా. చీటీ మారిపాయ. షారుక్ షెడ్డుకు రమ్మంటాండాడు."

"నువ్వు నా సంపు ముందరే నిలబడిండావు!"

"నేను నిలబడింది నాకు తెలుస్తాంది, నీకు తెలుస్తాంది. కంప్యూటర్‌కు తెలీదు కదా. తిప్పితే బత్తా పాయ." అతను పైపు చుట్టి భుజానికెత్తుకున్నాడు.

కాసేపట్లో వీధి ఖాళీ అయింది. ట్యాంకర్లు కారిన చోట నేల తడిసి, అప్పుడే ఎండిపోతోంది. మిగిలింది వచ్చినవాళ్ళూ, ఇంటివాళ్ళూ, రసూల్ సాబూ, తెరిచి ఉన్న సంపూ.

చౌడమ్మ మోకాళ్ళ మీద చేతులానించి సంపులోకి వంగింది. చాలాసేపు చూసింది. అడుగున ఒక బల్లి తలెత్తి ఆమెను చూసింది.

"ఇన్ని బండ్లు వచ్చి పాయ," అంది లేచి నిలబడుతూ. "సుక్క పడలే. మా పిల్ల ఈడ ఏం తాగాల?"

"మా తమ్ముడు సాఫ్ట్‌వేరు అవ్వా," అన్నాడు ఓబులేసు, ఆఖరి అస్త్రంగా.

"దాంతో బియ్యం కడుగుతారా నాయనా?"

ఓబులేసు ఆలోచించాడు. అంతవరకు ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు.

అప్పటిదాకా మాట్లాడని గంగాదేవి ముందుకు వచ్చింది. గిరి వైపు తిరిగి, "మీరు అడ్రసు పెట్టింది క్లాసుకా, ఆబ్జెక్టుకా?" అని అడిగింది. గొంతులో వెక్కిరింపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఆబ్జెక్టుకే."

"చూసినారా?"

"చూడాల్సిన పనిలేదు. రాసింది నేనే."

గంగాదేవి రసూల్ సాబ్ దగ్గర ఫోను అడిగి తీసుకుంది. "షారుక్ అన్నా, టైప్ అని కొట్టి, బ్రాకెట్లలో ఆయన పొద్దున వాడిన పేరు పెట్టు. ఏం వస్తుందో చదువు."

ఫోను స్పీకరు లేకపోయినా షారుక్ గొంతు అందరికీ వినిపించింది. "క్లాస్‌ఆబ్జ్ అని వచ్చిందక్కా!"

"చూసినావా!" గిరి గంతేశాడు. "రెండూ ఉండాయి. క్లాసూ, ఆబ్జెక్టూ. నేను చెప్పింది గూడా తప్పు కాదు."

"అట్లొస్తే అది క్లాసేనండీ. బండి అయితే ఇన్‌స్టన్స్ అని వస్తుంది." గంగాదేవి మళ్ళీ ఫోనులో చెప్పింది. "బండ్ల వరసలోనుంచి కుళ్ళాయప్ప బండిని తీసి, మళ్ళా అదే అడుగన్నా. వచ్చిందా ఇన్‌స్టన్స్? ఇప్పుడు దానికి పెట్టు ఈ ఇంటి అడ్రసు. మిగతావాటికి ఒక్కొక్కదానికి వాటివాటివి ఎక్కించు. పెట్టేముందు ప్రతిసారీ అడుగు."

"నాకూ తెలుసు ఆ చెకింగ్," అన్నాడు గిరి. "కావాలనే పెట్టలే."

"తెలిసి కూడా పెట్టలేదంటే ఇంకా కష్టమండీ," అంది గంగాదేవి.

జయంతి లోపలికి పోయి, బిందె అడుగున మిగిలిన నీళ్ళతో కాఫీ పెట్టి ముగ్గురికీ తెచ్చింది. వాళ్ళు తాగుతుండగానే కుళ్ళాయప్ప ఒక్కడే, కొత్త చీటీతో, ఎదురూ అడ్డమూ లేని వీధిలోకి వచ్చాడు. ఒక్క రివర్సుకే గేటు దొరికింది. వాల్వు తిప్పాడు. ఎండిన సంపు అడుగున నీళ్ళు పడే చప్పుడుకు ఓబులేసు కూడా మాట్లాడటం ఆపాడు. బల్లి గోడెక్కి బయటికి వచ్చేసింది.

రసూల్ సాబ్ సంపు వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు, ఆ తర్వాత అమ్మాయి వైపు చూశాడు. "ఏమ్మా, నీ చదువు ఎప్పుడయిపోతాది?"

"పరీక్షలైపోయినాయి సాబ్."

"గార్లదిన్నె నుంచి పొద్దున్నే బస్సుండాది," అన్నాడు రసూల్ సాబ్, రామప్పకు వినబడేటట్టు.

రామప్ప తల్లితో పక్కకుపోయి మాట్లాడి వచ్చాడు. వాళ్ళకు ఇల్లు నచ్చింది, మర్యాద నచ్చింది, కాఫీ ఇంకా నచ్చింది. ఇంటికి పోయి ఆలోచించుకొని కబురు చేస్తామన్నారు. ఆ మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు, ఓబులేసుకు తప్ప. అతను జీపు దాకా పోయి, మంచిరోజు చూసి కబురు చేయమని చెప్పి వచ్చాడు.

కబురు ఆ వారంలోనే వచ్చింది, రసూల్ సాబ్‌కు. గంగాదేవి రసూల్ సాబ్ షెడ్డులో చేరింది. ఆమె ప్రోగ్రాంను మొదటినుంచీ తిరగరాసింది. పేరు చేతికి వచ్చిన ప్రతిచోటా అది ఆదా, బండా అని అడిగాకే అడ్రసు కదిలేటట్టు చేసింది. చీటీ మీద అనుమానమొస్తే డ్రైవరు నోరు తెరిచి అడగవచ్చని రసూల్ సాబ్‌ను ఒప్పించింది. తను రాసిందాన్ని పాడుచేశారని గిరి కొన్నాళ్ళు అలిగాడు. అలగటానికి ముందుగదినే ఎంచుకున్నాడు.

ఇప్పుడు కుళ్ళాయప్ప బండి చెప్పిన రోజుకు వస్తుంది, సంపు నిండుగా ఉంటుంది. గిరిని చూడటానికి వచ్చేవాళ్ళు ఎప్పటిలాగే ముందు మూత తీసి చూస్తారు, తృప్తిగా తలూపుతారు, ఆ తర్వాత ముందుగదిలోకి పోయి అబ్బాయితో ఓ పావుగంట మాట్లాడి వెళ్ళిపోతారు. ఇక సంబంధం తప్పిపోతే ఆ తప్పు నీళ్ళ మీదకు తోయటానికి కూడా జయంతికి వీలు లేకుండా పోయింది.